ప్రకటనతో పాటు వచ్చిన ముఖం

నర్సీపట్నం,
25 నవంబరు 2025.

నిరీక్షణ సంఘము, మిషను కాంపౌండు.

విషయం: వివాహ ప్రకటన – లింకుతో పాటు సంబంధము లేని బొమ్మ వచ్చుట – వివరణ కోరుట – గురించి.

శ్రీమతి కృపాజ్యోతి గారికి ప్రభువు నామమున వందనములు.

పై విషయమై తెలియజేయునదేమనగా, ఈ నెల 23వ తేదీ ఆదివారం ఆరాధనలో, తమకును కృష్ణదేవిపేట ఉపసంఘ సభ్యులు శ్రీ రాజుబాబు గారికిని జరగబోవు వివాహమును గూర్చిన మొదటి ప్రకటనను పాస్టరు క్రీస్తురాజు గారు చదివారు. అభ్యంతరము గలవారు తెలియజేయవచ్చునన్నారు. ఎవరూ తెలియజేయలేదు. ఒక పసిబిడ్డ ఏడ్చింది. దానిని అభ్యంతరముగా నమోదు చేయలేదు.

ఆరాధన అనంతరం, తాము లోగడ తయారుచేసి ఇచ్చిన సంఘపు వెబ్‌సైటులో ఆ ప్రకటనను ఉంచి, దాని లింకును రెండువందల పద్నాలుగు మంది సభ్యులున్న వాట్సాప్ గ్రూపులో కార్యదర్శి హోదాలో నేనే పంపాను. లింకు పంపినప్పుడు ఒక బొమ్మయు, దాని కింద శీర్షికయు కనబడుట తమకు తెలిసినదే. శీర్షిక సరిగానే వచ్చింది: "కృపాజ్యోతి – రాజుబాబు: వివాహ ప్రకటన". బొమ్మ మాత్రం వరునిది కాదు, గుడిదీ కాదు. ప్రభువునందు నిద్రించిన నా తమ్ముడును, తమ భర్తయునైన జాన్ పాల్‌ది. భుజానికి మైకు వైరు చుట్టుకుని నవ్వుచున్న ఫోటో.

స్త్రీల సమాజపు అధ్యక్షురాలు బుల్లమ్మ గారు వెంటనే గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టారు. ఆ మాట ఉన్నదున్నట్టు: "పాస్టరుగారు అబ్యంతరం ఉంటే సెప్పమన్నారు కదండీ. గుడిలో ఉన్నోలు సెప్పనేదు. లేని బాబు సెప్పినాడు." దీనికి ముప్పై ఒక్క మంది సభ్యులు చేతులు జోడించిన గుర్తు పెట్టారు.

సోమవారం కమిటీ సమావేశమైంది. మరణించిన సభ్యుని అభ్యంతరము చెల్లునని సంఘ నియమావళిలో లేదు. చెల్లదనియు లేదు. కావున మొదటి ప్రకటనను నిలుపుదలలో ఉంచడమైనది. వెబ్‌సైటు విషయములలో ఉత్తరప్రత్యుత్తరములు కాగితముపైననే జరుగవలెనని కూడ తీర్మానించారు. ఆ బొమ్మ వచ్చుటకు కారణం తెలియజేయగలరు.

జతపరచినది: సదరు మెసేజి రంగుల ప్రతి ఒకటి. నిజప్రతియని ధ్రువీకరించడమైనది.

ఇట్లు,
ఎం. జోసఫ్ రాజు,
గౌరవ కార్యదర్శి.

*

రావికమతం,
28 నవంబరు.

బావగారికి వందనాలు.

మీ ఉత్తరం నిన్న సాయంత్రం జోగులు ఆటోలో అందింది. కవరు మీద "అతి ముఖ్యము" అని రాసి ఉండడంతో అతను దాన్ని సీటు కింద పెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడట. కొంచెం చెమట తగిలింది. ముద్రలు చెడలేదు.

పదహారేళ్లు నన్ను "అమ్మాయ్" అని పిలిచారు. ఈ "శ్రీమతి", ఈ "తాము" ఎప్పటి నుంచి?

ఇక విషయం. అది అభ్యంతరం కాదు. ఎవరైనా లింకు పంపితే, ఫోను ఆ పేజీ దగ్గరకు వెళ్లి, చూపించడానికి నీ దగ్గర ఏ బొమ్మ ఉందని అడుగుతుంది. ప్రతి పేజీకీ అడుగున అందుకోసం ఒక గడి ఉంటుంది. ప్రకటన పేజీలో మీరు ఆ గడి ఖాళీగా వదిలేశారు. గడి ఖాళీగా ఉంటే, సైటు మొత్తానికి కలిపి పెట్టిన బొమ్మ ఏదుందో అది వస్తుంది. కాబట్టి ఆ గడిలో గుడి ఫోటో పెట్టండి. అంతే పని. నేను ఇక్కడి నుంచి చేయలేను. కిందటి ఏడాది నర్సీపట్నం విడిచి మా అమ్మ దగ్గరకు వచ్చేటప్పుడు పాస్‌వర్డు కవరులో పెట్టి మీకే అప్పగించాను. ఇక్కడ ఇంటర్నెట్ సెంటరులో రోజంతా ఊరందరి దరఖాస్తులూ నింపుతున్నాను గాని, మన గుడి గడి ఒక్కటి నింపే అధికారం నాకు లేదు.

పెళ్లి డిసెంబరు పదకొండుకి అనుకున్నాం. మూడు ఆదివారాలు వరుసగా ప్రకటన అయితేనే కదా పాస్టరుగారు పెళ్లి చేసేది. బేగి తేల్చండి.

ఒక ప్రశ్న. లింకు అతికించగానే, పంపే మీట ఇంకా నొక్కకముందే, ఆ బొమ్మ మీ ఫోనులో మీకు కనిపిస్తుంది. పంపే ముందు మీరు చూడలేదా?

మీ మరదలు,
కృపాజ్యోతి.

*

నర్సీపట్నం,
9 డిసెంబరు 2025.

విషయం: వివాహ ప్రకటన – బొమ్మ – విచారణ సంఘపు మధ్యంతర నివేదిక – గురించి.
సూచిక: తమ లేఖ, తేదీ 28-11-2025.

శ్రీమతి కృపాజ్యోతి గారికి వందనములు.

సూచికలోని లేఖ అందినది. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘము ఏర్పాటైనది. అధ్యక్షుడను నేను. సమావేశకర్తను నేను. మూడవ సభ్యులు బుల్లమ్మ గారు. విచారణ నడుచుచున్నందున సంబోధనలో మార్పు చేయుటకు వీలుపడదని తెలియజేయడమైనది.

పాస్‌వర్డు గల కవరును ఇద్దరు సాక్షుల సమక్షమున తెరిచాము. తమరు చెప్పిన గడిలో గుడి ముఖద్వారపు ఫోటోను పెట్టాను. అయినను గ్రూపులోని మెసేజిలో జాన్ పాల్ కదలలేదు. ఆ మెసేజిని తమ తమ ఫోనులలో తుడిచివేయవలసినదిగా సభ్యులను కోరాము. తొమ్మిది మంది తుడిచారు. పదకొండు మంది పొరపాటున వేరే మెసేజిలు తుడిచారు. మిగిలినవారిలో చాలామంది, దీనిని ఎట్లు తుడవాలో చెప్పమని అడుగుచు బంధువులకు పంపారు. ప్రస్తుతం ఆ మెసేజి కాకినాడ వరకు వెళ్లినట్టు సమాచారం. దరిమిలా, సభ్యులు శీర్షికను మాత్రమే చదివి బొమ్మను చూడకుండవలెనని తీర్మానించడమైనది.

విచారణలో మరియొక సంగతి బయటపడింది. కిందటి ఏడాది సెప్టెంబరు మొదలు నేను పంపిన ప్రతి ప్రకటనతోను ఇదే బొమ్మ వెళ్లింది. కంటి పరీక్షల శిబిరం, కోత పండుగ, సమాధుల తోట ప్రహరీ, నీటి ట్యాంకు కడుగుట, అన్నింటితోను. అనగా, మరణించిన నాటి నుంచి జాన్ పాల్ పదిహేను నెలలుగా సంఘ కార్యక్రమములకు ఒక్కటి కూడ తప్పకుండా హాజరైనట్టు రికార్డు చెబుతోంది. బ్రతికి ఉండగా అతని హాజరు ఇంత బాగుండేది కాదు. ఎవరునూ ఫిర్యాదు చేయలేదు. ఎందుకు చేయలేదని బుల్లమ్మ గారిని అడుగగా, గౌరవార్థం పెట్టారనుకున్నామని వాఙ్మూలమిచ్చారు. కంటి పరీక్షలకు రమ్మన్నప్పుడు ఆ బొమ్మ ఆహ్వానముగను, పెండ్లి ప్రకటనతో వచ్చినప్పుడు అభ్యంతరముగను ఎట్లయినదో ఆమె చెప్పలేకపోయారు.

కావున విచారణ సంఘము తమను అడుగునది ఒక్కటే. సైటు మొత్తానికి ఆ బొమ్మను పెట్టినది ఎవరు? ఎప్పుడు?

పంపుటకు ముందు నేను చూచితినా అను తమ ప్రశ్న విచారణ పరిధిలోనికి రాదు.

క్రిస్మస్ కార్యక్రమముల దృష్ట్యా ప్రకటన విషయమును జనవరికి వాయిదా వేయడమైనది.

ఇట్లు,
ఎం. జోసఫ్ రాజు,
గౌరవ కార్యదర్శి, మరియు అధ్యక్షుడు, విచారణ సంఘము.

*

రావికమతం,
20 డిసెంబరు.

బావగారికి వందనాలు.

పదకొండో తేదీ వచ్చింది, వెళ్లింది. ఆ రోజు సెంటరులో నలభై మూడు దరఖాస్తులు నింపాను.

గ్రూపులో ఉన్న పాత మెసేజిలోని బొమ్మ మారదు. అది వెళ్లిపోయిన ఉత్తరం లాంటిది. కొత్తగా పంపినా ఒక్కోసారి పాత బొమ్మే వస్తుంది, ఎందుకంటే మొదటిసారి తెచ్చుకున్నదాన్ని ఫోను దాచుకుంటుంది. లింకు చివర ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె చేర్చి పంపండి. అప్పుడు అది కొత్త లింకు అనుకుని మళ్లీ వెళ్లి అడుగుతుంది. గ్రూపుకి పంపే ముందు మీ నంబరుకి మీరే పంపుకుని చూడండి. లింకు ఇస్తే అది ఎలా కనబడుతుందో ముందే చూపించే వెబ్ పేజీలు కూడా ఉన్నాయి. ఒకదాని పేరు విడిగా కాగితం మీద రాసి పెట్టాను. సైటు మొత్తానికి ఉన్న బొమ్మను మార్చే చోటు కూడా అందులోనే రాశాను. ఎవరు పెట్టారన్నది మార్చడానికి అవసరం లేదు.

పోయిన శనివారం రాజుబాబు వచ్చాడు. సంతలో పసుపు అమ్ముకుని తిరిగి కృష్ణదేవిపేట వెళ్తూ దిగాడు. మీరు ధ్రువీకరించిన నిజప్రతి అతనికి చూపించాను. దాచడం ఇష్టం లేకపోయింది.

"ఆయన ఒద్దంతన్నాడేటి?" అని అడిగాడు.

వద్దనడం కాదు, ఖాళీ గడి సంగతి అని చెప్పాను. ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"మంచి నవ్వు. నాను దిగిన ఫోటోలన్నిట్లోనీ పోలీసోలు పట్టుకున్నట్టుంతాను. ఈ బొమ్మే ఉంచీమను" అన్నాడు.

అతనికి కోపం రాలేదు. అతని తల్లి కామమ్మగారికి వచ్చింది. ఆవిడ మాట మీకు రాయకూడదనుకున్నాను గాని, విచారణ సంఘానికి వాఙ్మూలాలంటే ఇష్టమని తెలిసి రాస్తున్నాను. "కొండోడు అల్లుడైతే మీ గుడోలికి నామోషీ. ఆ ముక్క ఎదురుగా సెప్పలేక సచ్చిపోయినోడిని అడ్డెట్టారు" అన్నారు. ఫిబ్రవరి పద్దెనిమిదితో శ్రమదినాలు మొదలవుతాయి. వాటిలో మన గుడిలో పెళ్లిళ్లు చేయరు. ఈస్టరు దాకా ఆగేది లేదని, శ్రమదినాల లోపల తేలకపోతే కొడుక్కి వేరే సంబంధం చూస్తానని ఆవిడ తేల్చి చెప్పారు. రాజుబాబు తల్లి మాట కాదనే మనిషి కాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకోవచ్చు కదా అని మా అమ్మ అంటోంది. పెట్టుకోవచ్చు. కాని ఆ గుడిలో ఆయనతో నాకు పెళ్లయింది. ఆ గుడిలోంచే ఆయన్ని మోసుకెళ్లారు. ఎవరికీ చెప్పకుండా పక్కదారిన వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. అందరూ చూస్తుండగా ఆ గుమ్మంలోంచే వెళ్లాలని ఉంది.

పంపే ముందు మీరు చూశారా అన్నదానికి జవాబు రాలేదు.

కృపాజ్యోతి.

*

నర్సీపట్నం,
12 జనవరి 2026.

విషయం: బొమ్మ పరీక్షలు – ఫలితములు – కొత్త ప్రకటన తేదీలు – గురించి.
సూచిక: తమ లేఖ, తేదీ 20-12-2025.

శ్రీమతి కృపాజ్యోతి గారికి వందనములు.

తమ సూచనల మేరకు పరీక్షలు నిర్వహించడమైనది. ప్రకటన లింకు చివర ప్రశ్నార్థకమును, రెండు అంకెను చేర్చి నాకు నేను పంపుకున్నాను. నాకు నా నుంచి మెసేజి వచ్చుట ఇదే ప్రథమం. గుడి ముఖద్వారం వచ్చింది. సంతృప్తికరం.

తరువాత సైటు మొత్తానికి ఉన్న బొమ్మను తొలగించి, కంటి పరీక్షల లింకును పంపుకున్నాను. జాన్ పాల్ రాలేదు. అతని స్థానములో బూడిదరంగు గడి వచ్చింది. ఆ గడిని నాలుగు నిమిషములు పరిశీలించాను. అనంతరం పాత బొమ్మను యథాస్థానమున ఉంచాను. ఇది పరీక్షార్థము.

ఈ మధ్యలో మా అమ్మ సువర్ణమ్మ గారి వాఙ్మూలము నమోదైంది. ఆమెకు ఫోను చూచు అలవాటు లేదని తమకు తెలుసు. బుల్లమ్మ గారు పరామర్శకు వచ్చి, చూడవలదని కమిటీ తీర్మానించిన ఆ బొమ్మనే కళ్లద్దములు పెట్టించి మరీ చూపించారు. అమ్మ చాలాసేపు చూచి నన్ను పిలిచారు.

"ఏటిరా, సిన్నోడు ఒప్పుకున్నాడేటి?"

ఇది ఒప్పుకొనుటకు సంబంధించిన విషయము కాదని చెప్పాను.

"మరి నవ్వుతున్నాడు కదరా" అన్నారు.

బుల్లమ్మ గారి ప్రకారం బొమ్మ అభ్యంతరము. అమ్మ ప్రకారం సమ్మతి. ఉభయ సాక్ష్యములు సమాన బరువు గలవి కావున, జాన్ పాల్ తటస్థుడని విచారణ సంఘము నిర్ణయించింది. బుల్లమ్మ గారు విడిగా అసమ్మతి తెలియజేసి, టీ తాగి వెళ్లారు.

దీనితో అడ్డంకి తొలగినది. జనవరి 18, 25, ఫిబ్రవరి 1 తేదీలలో వరుసగా ప్రకటనలు చదవబడును. వివాహము ఫిబ్రవరి 12వ తేదీ గురువారం జరుపుకొనవచ్చును. శ్రమదినములకు ఆరు రోజుల వ్యవధి ఉన్నది.

కామమ్మ గారి మాట రికార్డులో చేర్చలేదు. చదివాను.

ఇట్లు,
ఎం. జోసఫ్ రాజు.

*

రావికమతం,
19 జనవరి.

బావగారికి.

నిన్నటి ప్రకటన లింకు మా అమ్మ ఫోనుకి నలుగురు పంపారు. నలుగురి దాంట్లోనూ ఆయనే ఉన్నారు. భుజాన మైకు వైరు, అదే నవ్వు.

ఎలా జరిగిందో నాకు అర్థమైంది. నవంబరు పేజీని బాగుచేశారు. కాని నిన్నటి ప్రకటనకి కొత్త పేజీ తెరిచారు, దాని గడి ఖాళీగా వదిలారు, సైటు మొత్తానికి ఉన్న బొమ్మను పరీక్షార్థమని చెప్పి మళ్లీ పెట్టి ఉంచారు. ఇది తెలియకపోవడం కాదు. ఇవన్నీ నేను కాగితం మీద వరసగా రాసి ఇచ్చాను. మీరు ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఒక్క కాగితం తప్పుదారిన పోనివ్వని మనిషి.

రాజుబాబు నిన్న మధ్యాహ్నం ఇక్కడే ఉన్నాడు. మా అమ్మ ఫోను చేతికి తీసుకున్నాడు, చూశాడు, తిరిగి ఇచ్చాడు. టీ పొయ్యి మీద ఉండగానే లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నానేటి సెప్పాల మాయమ్మకి?" అని మాత్రం అడిగాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మీ విచారణ సంఘం అడిగింది కాబట్టి చెప్తున్నాను. సైటు మొత్తానికి ఆ బొమ్మ పెట్టింది నేనే. ఆయన పోయిన మూడో రోజు ప్రార్థన కూడిక ఏ వేళకో అందరూ అడుగుతుంటే, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని జ్ఞాపకార్థ పేజీ తయారుచేశాను. ఆ పేజీ గడిలో ఆయన ఫోటో పెట్టాను. అక్కడితో ఆపాలి. ఆపలేదు. సైటు మొత్తానికీ పెట్టేశాను. ఈ గుడి గురించి ఎవరు ఏ ముక్క పంపుకున్నా ఆయన ముఖం వెళ్లాలనిపించింది. కొన్నాళ్లకి తీసేద్దామనుకున్నాను. పాస్‌వర్డు కవరులో పెట్టి మీ చేతికి ఇచ్చిన రోజున కూడా అది నాకు గుర్తుంది. గుర్తుండే వదిలేశాను. కాబట్టి తప్పు మొదలైంది నా దగ్గర. దాచింది కూడా నేనే. మీరు డిసెంబరులో అడిగితే మాట తప్పించాను.

ఇప్పుడు మీరు చెప్పండి. పంపే ముందు చూశారా, లేదా? ఒక్క ముక్కలో రాయండి. విషయం, సూచిక అక్కర్లేదు. మీకు ఈ పెళ్లి ఇష్టం లేకపోతే అది కూడా రాయండి. నేను తట్టుకుంటాను. ఆయన ముఖం అడ్డం పెట్టి చెప్పించడం మాత్రం తట్టుకోలేను.

కృపాజ్యోతి.

*

నర్సీపట్నం,
22 జనవరి 2026.

కృపాజ్యోతికి,

చూశాను.

ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను. కాని అక్కడ ఆపితే నివేదిక అసంపూర్ణం అవుతుంది.

నవంబరులో చూశాను. మొన్న ఆదివారం కూడా చూశాను. పంపే మీట మీద వేలు పెట్టి, వాడి ముఖం చూసి, నొక్కాను. నువ్వు రాసిచ్చిన కాగితం అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.

కొన్ని అంకెలు సమర్పిస్తున్నాను. జాన్ పాల్ పోకముందు పదిహేను నెలల్లో కార్యదర్శిగా నేను గ్రూపులో పంపిన లింకులు తొమ్మిది. వాడు పోయాక నవంబరు దాకా పదిహేను నెలల్లో పంపినవి నూట పన్నెండు. ఈ కాలంలో సంఘ కార్యక్రమాలేమీ పెరగలేదు. నీటి ట్యాంకు కడగడం గురించి నాలుగు ప్రకటనలు పంపాను. ట్యాంకు ఒక్కసారే కడిగారు. సమాధుల తోట ప్రహరీ గురించి పదకొండు పంపాను. ప్రహరీ ఇంకా కట్టలేదు. లింకు అతికించగానే వాడు వచ్చేవాడు. పని ఉన్నప్పుడు పిలిస్తే వచ్చినట్టుండేది. మొదట్లో అవసరం ఉన్నప్పుడే పంపేవాణ్ని. తర్వాత అవసరాన్ని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఆ బొమ్మ ఎవరు పెట్టారని నిన్ను అడిగింది తప్పు పట్టడానికి కాదు. నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో తెలుసుకోవాలనిపించింది.

నవంబరు ఇరవై మూడున నీ ప్రకటన అతికించినప్పుడు కూడా వాడు వచ్చాడు. ఆ పేరు కింద ఆ ముఖం ఉండకూడదని తెలుసు. గుడి ఫోటో పెట్టి పంపవచ్చునని తెలుసు. ఆ గడి ఎక్కడుందో నువ్వు చెప్పకముందే తెలుసు. కాని ఒకసారి ఆ గడి నింపడం మొదలుపెడితే, ఇక ముందు వాడు ఏ ప్రకటనకీ రాడని కూడా తెలుసు. అందుకే ముట్టుకోలేదు. నా చేతకానితనానికి విచారణ సంఘం వేశాను, నేనే అధ్యక్షుణ్నయ్యాను.

రాజుబాబు మీద నాకు అభ్యంతరం లేదు. కొండవారన్న ఆలోచన నాకు లేదు. కమిటీలో ఇద్దరికి ఉంది. వాళ్లు నేను పంపిన బొమ్మ వెనక దాక్కున్నారు. దాక్కోవడానికి చోటు ఇచ్చింది నేను. అతను టీ తాగకుండా వెళ్లాడని నువ్వు రాసిన వాక్యం మూడుసార్లు చదివాను.

బుధవారం పొద్దున సైటు మొత్తానికి గుడి ముఖద్వారం పెట్టాను. కంటి పరీక్షలు, కోత పండుగ, ట్యాంకు, ప్రహరీ, అన్నీ నాకు నేను పంపుకుని చూశాను. అన్నింటికీ గుడే వస్తోంది. విచారణలో దోషిగా తేలింది అధ్యక్షుడే కనుక విచారణ సంఘాన్ని రద్దు చేశాను. ఈ ఆదివారం రెండో ప్రకటనకు ముందు లేచి నిలబడి అందరికీ చెప్తాను. సోమవారం కృష్ణదేవిపేట వెళ్లి కామమ్మగారికి నేనే చెప్తాను.

జోసఫ్ రాజు.

*

రావికమతం,
28 జనవరి 2026.

విషయం: వివాహ సమయమున వధువు చేయి అందించుట – అర్జీ – గురించి.
సూచిక: తమ లేఖ, తేదీ 22-01-2026.

గౌరవ కార్యదర్శి శ్రీ ఎం. జోసఫ్ రాజు గారి సముఖమునకు, రావికమతం నివాసి కృపాజ్యోతి సమర్పించుకొను అర్జీ.

సూచికలోని లేఖ అందినది. అర్జీదారు దానిని చదివి, జవాబు రాయుటకు ఐదు రోజులు తీసుకొన్నది. ఆ ఐదు రోజులలో ఏమి చేసినదో రికార్డుకు అవసరం లేదు.

ఆదివారం జరిగినది పాస్టరు క్రీస్తురాజు గారి ద్వారా తెలిసినది. తమరు లేచి, ఆ బొమ్మ అభ్యంతరమూ కాదు, సమ్మతీ కాదు, నా పని అని ఒప్పుకున్నారట. బుల్లమ్మ గారు, "మరిన్నాల్లూ మాకెందుకు సెప్పనేదు బాబూ?" అని అడిగారట. "బాగుండేది, అందుకని" అన్నారట తమరు.

సోమవారపు సంగతి రాజుబాబు ద్వారా తెలిసినది. కామమ్మ గారు తమ మాట విని, "నాకూ ఒకడు పోయాడు. ఆడి సొక్కా ఇప్పటికీ దండెం మీదే ఉంది" అని చెప్పి, తమకు అన్నం పెట్టారని విన్నాము. తమరు రెండోసారి పులుసు వేయించుకున్నారని కూడ విన్నాము. వేరే సంబంధపు మాట ఆ ఇంట్లో ఇప్పుడు లేదు.

జ్ఞాపకార్థ పేజీ అలాగే ఉన్నది. దాని గడిలో ఆయన ఫోటోయే ఉన్నది. దానిని తొలగించవలెనని అర్జీదారు ఎన్నడూ కోరదు. తమకు చూడవలెననిపించినప్పుడు ఆ పేజీ లింకును తమకు తామే పంపుకొనవచ్చును. అర్జీదారు కూడ అప్పుడప్పుడు పంపుకొనును. ఇందుకోసం నీటి ట్యాంకును మరల కడగనవసరం లేదు.

ఇక కోరిక. పదిహేడేళ్ల కిందట అర్జీదారు చేయి పట్టుకుని ఆ గుడి నడవలో నడిపించినది ఆమె తండ్రి. ఆయన లేరు. మేనమామలు లేరు. ఈ నెల గడిచిన తరువాత, పన్నెండవ తేదీన, గుమ్మము నుంచి పాస్టరు గారి వరకు ఆమెతో నడిచి, ఆమె చేయి రాజుబాబు చేతిలో పెట్టుటకు ఒకరు కావలెను. ఆమెకు ఆ చోట తోచిన మనిషి తమరొక్కరే. ఇది తమకు కష్టమని తెలిసియే కోరుచున్నది. కుదరదన్నచో నొచ్చుకొనదు. పరిశీలించి తగు ఉత్తర్వులు దయచేయగలరు.

జతపరచినవి: ఏమీ లేవు.

ఇట్లు,
అర్జీదారు.

*

నర్సీపట్నం,
2 ఫిబ్రవరి.

అమ్మాయ్,

మూడో ప్రకటన నిన్న అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాస్టరుగారు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు అన్నారు. ముందు వరసలో అమ్మ లేచి నిలబడింది. పాస్టరుగారు చేతిలో కాగితం మడత పెట్టేశారు. నేను అమ్మ చీర కొంగు పట్టుకుని కూర్చోమని లాగాను. అమ్మ నా చేయి తోసేసింది.

"అబ్యంతరం కాదు బాబూ. ఆ పిల్లోడు వచ్చాడేటి? వస్తే ఓపాలి నిలబడమనండి. ఎవరెవరి బొమ్మలో సూపించారు గాని, ఇతగాడి మొకం నాకెవులూ సూపించనేదు" అంది.

రాజుబాబు ఆఖరి బెంచీలో, చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చున్నాడు. లేచాడు. అమ్మ కళ్లు చిట్లించి చూసింది.

"ఇలగ రా నాయనా, అంత దూరం నాకానదు" అంది.

అతను నడవ మధ్యలోంచి వచ్చాడు. అమ్మ అతని గడ్డం పట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పి, చూసింది. ఎంతసేపు చూసిందో నేను లెక్కపెట్టలేదు. బుల్లమ్మగారు కళ్లు తుడుచుకోవడం మాత్రం చూశాను.

"పొద్దున్న ఏటైనా తిన్నావా?" అని అడిగింది.

తిన్నానని చెప్పాడు.

"సరే, ఎల్లి కూకో. ఆ ఎనకాల కాదు, ఇక్కడ" అని తన పక్కన చోటు చూపించింది. తర్వాత పాస్టరుగారి వైపు తిరిగి, "నాదైపోయింది బాబూ, మీరు సదూకోండి" అంది. ఆయన ఎక్కడ ఆపారో మరిచిపోయి ప్రకటన మొత్తం మళ్లీ మొదటి నుంచి చదివారు. కాబట్టి నీ ప్రకటన లెక్క ప్రకారం నాలుగుసార్లు అయింది. నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆరాధన అయ్యాక రాజుబాబు మా ఇంటికి వచ్చి టీ తాగాడు. రెండు కప్పులు.

నీ అర్జీ అందింది. అంత పొడుగ్గా రాయక్కర్లేదు, వస్తావా అని అడిగితే చాలు. పన్నెండో తేదీ తెల్లవారగానే జోగులు ఆటో మాట్లాడుకుని రావికమతం వస్తాను, నిన్నూ మీ అమ్మగారినీ తీసుకుని బయల్దేరదాం.

పెళ్లికూతురికి ఏ పక్కన నడవాలో నాకు తెలియదు. పాస్టరుగారిని అడిగాను. ఎడమ పక్కన అన్నారు, నిదానంగా అన్నారు. సాయంత్రం వసారాలో నడిచి చూసుకున్నాం. అమ్మ నీ బదులు నడిచింది. మొదటిసారి నేను తొందరపడి అమ్మ కంటే ముందు వెళ్లిపోయాను. అమ్మ తిట్టి, వెనక్కి పిలిచింది. రెండోసారి ఇద్దరం కలిసే చేరాం. చివరికి వచ్చాక చేయి వదలాలి కదా, ఎప్పుడు వదలాలో నాకు తెలియలేదు. అమ్మే వదిలించుకుంది.

రేపు ఇంకోసారి నడుస్తాం.

మీ బావ,
జోసఫ్ రాజు.